నల్ల బీరులో కాఫీ వాసన ఎక్కడిది?

సంక్రాంతికి పర్చూరు దగ్గర మా అక్కావాళ్ళ ఊరు వెళ్ళాను. కల్లంలో మొదటి కోత మిరపకాయ ఎర్రగా పరిచి ఉంది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడు కూడా వచ్చాడు. మాటల్లో వాడు ఒక సంగతి చెప్పాడు. గచ్చిబౌలిలో మైక్రోబ్రూవరీ (బీరును అక్కడే కాచి అక్కడే పోసే చోటు) ఒకదానికి స్నేహితులతో వెళ్ళి, స్టౌట్ అనే నల్ల బీరు రుచి చూశాడట. "కాఫీ తాగినట్టుంది మావయ్యా. చాక్లెట్ వాసన కూడా తగిలింది. అడిగితే రెండూ వేయలేదన్నారు" అన్నాడు.

మా బావగారు పత్తీ మిర్చీ పండించే రైతు. మందు జోలికి పోని మనిషి. ఆయన చాలాసేపు ఆలోచించి అడిగారు: "బార్లీ గింజ గోధుమ రంగులోనే ఉంటది గదయ్యా. దాంతో కాచింది నల్లగా ఎట్టా అవుద్ది? వేయని కాఫీకి వాసన ఎక్కణ్ణుంచి వచ్చిద్ది?"

కాలేజీలో ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పాను. ఇంత సూటి ప్రశ్న నన్ను అడిగినవాళ్ళు తక్కువ. జవాబు కోసం దూరం పోనక్కర్లేదు, అక్క వంటింట్లోనే మొదలుపెట్టవచ్చు.

రాగి మాల్ట్ తెలియని ఇల్లు మన వైపు లేదు. అక్క రాగులు కడిగి రాత్రంతా నానబెడుతుంది. పొద్దున నీళ్ళు వంచేసి తడిగుడ్డలో మూట కడుతుంది. ఒకటి రెండు రోజుల్లో సన్నటి తెల్ల మొలకలు వస్తాయి. వాటిని ఆరబెట్టి, దోరగా వేయించి, పిండి పట్టిస్తుంది. ఈ పిండితో కాచిన జావకు రెండు గుణాలుంటాయి. మామూలు రాగి జావకన్నా పల్చగా ఉంటుంది, బెల్లం కూడా తక్కువ పడుతుంది. ఎందుకు?

గింజలో ఉన్నది ఎక్కువగా పిండి పదార్థం. పిండి అంటే చక్కెర అణువులు ఒకదానికొకటి తగులుకుని ఏర్పడ్డ పొడవాటి గొలుసు. మొలక ఆ గొలుసును ఉన్నదున్నట్టు తినలేదు, తెంపుకుని తినాలి. అందుకని తడి తగలగానే గింజ లోపల ఎంజైములు (గొలుసులు తెంపే కత్తెరల వంటివి) తయారవుతాయి. పొడవాటి గొలుసులు తెగితే జావ పల్చబడుతుంది. తెగిన ముక్కల్లో చక్కెర బయటపడి తీపి వస్తుంది. మాల్ట్ అనే మాటకు అర్థం ఇదే: మొలకెత్తించి ఎండబెట్టిన గింజ. బీరుకు వాడేది బార్లీ మాల్ట్. గింజ మారింది గాని పని మారలేదు. ఆ మాల్టును నలగ్గొట్టి, సుమారు 65 డిగ్రీల వేడి నీళ్ళలో ఓ గంట ఉంచితే, మిగిలిన గొలుసులు కూడా తెగి తియ్యటి నీళ్ళు దిగుతాయి. వాటిని వడగట్టి, హాప్స్ అనే తీగ పూలు వేసి మరిగిస్తారు. ఆ పూలు మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో పండుతాయి. వాటివల్ల ఒక చేదు దిగుతుంది.

ఇక తీపి నీళ్ళు మందుగా మారడం. ఇది చీరాల, వేటపాలెం వైపు తాటితోపులున్న ఊళ్ళవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. అప్పుడే దించిన తాటినీరు తియ్యగా ఉంటుంది. ఎండెక్కేసరికి నురుగు కడుతుంది, ఘాటెక్కుతుంది. కంటికి కనపడని ఈస్ట్ అనే జీవి చక్కెరను తిని, ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ వదలడమే దానికి కారణం. కల్లులోకి ఈస్ట్ గాలి నుంచీ కుండ నుంచీ తనంతట తాను చేరుతుంది. బీరులో ఎంచి తెచ్చిన ఈస్టును వేస్తారు. తేడా అంతే.

ఇంతవరకు చెప్పిన బీరు పచ్చగా, ఎండుగడ్డి రంగులోనే ఉంటుంది. నలుపు ఇంకా రాలేదు. ఆ నలుపును మాటలతో చెప్పడం నాకిష్టం లేకపోయింది. మొలకెత్తించి ఎండబెట్టిన రాగులు అక్క దగ్గర డబ్బాలో ఉన్నాయి. మూకుడు పొయ్యి మీద పెట్టించాను.

గుప్పెడు రాగులు వేసి సన్నటి సెగ మీద కలియబెట్టింది. ముందు పచ్చివాసన పోయింది. చారెడు తీసి పళ్ళెంలో పోశాం, రంగు పెద్దగా మారలేదు. మూకుట్లో మిగిలినవి మరికాసేపటికి ముదురు రంగు తిరిగాయి. వేరుశనగలు వేయించినప్పటి వాసన, బిస్కెట్ల వాసన వచ్చింది. అవీ కొన్ని తీశాం. ఇక మామూలుగా అయితే అక్క పొయ్యి ఆపేసేది. "మాడిపోతాయిరా" అంటూనే నా మాట మీద కలియబెడుతూ ఉండిపోయింది. గింజలు చిటపటలాడాయి, సన్నటి పొగ లేచింది, నల్లబడ్డాయి. అప్పుడు వసారాలోంచి బావగారి గొంతు వినిపించింది: "ఏమే, ఇప్పుడు కాఫీ గింజలు వేయిస్తున్నావా?"

ఆయన ప్రశ్నకు జవాబు ఆయన నోటనే వచ్చింది. కాఫీ వాసన కాఫీ గింజలో పుట్టుకతో ఉండదు. అరకులో చెట్టు నుంచి కోసి ఎండబెట్టిన పచ్చి కాఫీ గింజను వాసన చూస్తే గడ్డివాసన, పప్పుగింజల వాసన వస్తుంది తప్ప కాఫీ వాసన రాదు. ఆ వాసనను పుట్టించేది మంట. చాక్లెట్ చేసే కోకో గింజ సంగతీ అంతే. కాఫీ, కోకో, వేరుశనగ, బార్లీ నాలుగూ వేరు వేరు మొక్కలు. కాని ప్రతి గింజలోనూ కాస్త చక్కెర, కాస్త మాంసకృత్తుల తునకలు ఉంటాయి. గట్టి వేడి తగిలితే ఆ రెండూ కలిసి వందలాది కొత్త పదార్థాలుగా మారతాయి. దీన్ని 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ పేరుతో మయార్ చర్య అంటారు. అందులో పుట్టే పైరజీన్లు అనే పదార్థాల వల్లనే వేయించిన వాటికి ఆ కమ్మని వాసన. నాలుగు గింజలూ ఒకే మంట కింద మారాయి కాబట్టి వాసనల్లో చుట్టరికం కనిపిస్తుంది. మేనల్లుడి ముక్కు పొరబడలేదు. బ్రూవరీవాళ్ళూ అబద్ధం చెప్పలేదు.

నల్ల రాగుల్ని దంచి, ఒక చెంచా పొడి వేడినీళ్ళలో వేసి వడగట్టాం. ఒక్క చెంచాకే గ్లాసంతా డికాక్షన్ రంగు తిరిగింది. దాన్ని కిటికీ దగ్గర ఎండకు ఎత్తి పట్టుకుంటే అంచుల్లో ఎర్రటి జీర కనిపించింది. స్టౌట్ గ్లాసును దీపానికి ఎదురుగా పట్టుకున్నా అంతే, నలుపు అంచున మాణిక్యం రంగు తొంగిచూస్తుంది. ఎందుకంటే అది నిజంగా నలుపు కాదు, చిక్కబడ్డ గోధుమ ఎరుపు. బెల్లం పాకం గిన్నెలో నల్లగా ఉండి, గరిటె నుంచి జారే బొట్టులో ఎర్రగా కనిపించడం లాంటిదే. బావగారు ఒక గుక్క తాగి చూసి, "చేదు. వగరు కూడా ఉంది" అన్నారు.

మరి గింజలన్నీ నల్లగా వేయించి బీరు కాయవచ్చుగా? కుదరదు. అంత వేడికి కత్తెరలు, అంటే ఎంజైములు చచ్చిపోతాయి. కత్తెర లేకపోతే చక్కెర రాదు, చక్కెర లేకపోతే ఈస్టుకు తిండి ఉండదు. పాత కాలంలో లండనులో పోర్టర్ అనే ముదురు బీరు కాచేవాళ్ళు గింజంతా గోధుమ రంగు వచ్చేదాకా ఆరబెట్టేవాళ్ళు. దాంతో చక్కెర తక్కువ దిగేది, గింజ ఎక్కువ ఖర్చయ్యేది. 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన కాఫీ గింజలు వేయించే యంత్రం లాంటి తిరిగే ఇనప పీపా చేయించి పేటెంటు తీసుకున్నాడు. అందులో మాల్టును మాడి బూడిద కాకుండా నల్లగా వేయించవచ్చు. అప్పటినుంచి పద్ధతి మారిపోయింది. నూటికి తొంభై పాళ్ళ దాకా తెల్ల మాల్టు, పది పాళ్ళ లోపు నల్ల గింజ. తీపి తెచ్చేది ఒకటి, రంగూ వాసనా తెచ్చేది మరొకటి. తాలింపు గింజలు ఎన్ని ఉంటాయి? పులుసంతటికీ వాసన అవే ఇవ్వడం లేదా?

ఇక ఘాటు. స్టౌట్ అనే ఇంగ్లీషు మాటకు బీరు విషయంలో మొదటి అర్థం నలుపు కాదు, బలం. పోర్టర్లో బలమైన దాన్ని స్టౌట్ పోర్టర్ అనేవారు. 18వ శతాబ్దం చివర్లో లండనులోని థ్రేల్ బ్రూవరీ నుంచి అలాంటి గట్టి బీరు రష్యా రాణి కాథరిన్ ఆస్థానానికి వెళ్ళేది. అందుకే దానికి ఇంపీరియల్ స్టౌట్ అన్న పేరు నిలిచింది. మనకు దగ్గర్లో శ్రీలంకలో కాచే లయన్ స్టౌట్ కూడా 8.8 శాతం ఆల్కహాలు ఉన్న గట్టి సరుకే. ఐర్లండు గిన్నిస్ నలుపు చూసి దాన్ని ఘాటైనదనుకుంటారు గాని, పీపాలోంచి పట్టి పోసే గిన్నిస్‌లో ఆల్కహాలు 4.2 శాతమే. రంగుకూ మత్తుకూ సంబంధం లేదు. బలం రావాలంటే అదే నీళ్ళకు మాల్టు ఎక్కువ పోయాలి. అప్పుడు ఆల్కహాలు పెరుగుతుంది, ఈస్టు తినలేని గొలుసు ముక్కలు కూడా ఎక్కువ మిగులుతాయి. గట్టి స్టౌట్ నాలుక మీద గంజిలా చిక్కగా, కాస్త తియ్యగా ఆనేది వాటివల్లే.

ఇక్కడ అక్క నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. నెల్లూరు జిల్లాలోని దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు సారాకు ఎదురుతిరిగిన నాటికి ఆమె కొత్త కోడలు. 1995లో రాష్ట్రమంతటా మద్యనిషేధం రావడం, రెండేళ్ళకు సడలిపోవడం ఆమె కళ్ళముందు జరిగాయి. ఆ ఆడవాళ్ళ పక్షానే నేనూ ఉన్నాను. అందుకని మేనల్లుడికి లెక్క చెప్పాను. పది శాతం ఆల్కహాలు ఉన్న గట్టి స్టౌట్ 330 మిల్లీలీటర్ల సీసాలో 33 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటుంది. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది సుమారు 13. అంటే ఆ ఒక్క చిన్న సీసా రెండున్నర పెగ్గుల పెట్టు. బీరే కదా అని దాహానికి తాగే వస్తువు కాదది. దాన్ని నలుగురు పంచుకుని చిన్న గ్లాసుల్లో రుచి చూస్తారు. తాగాక బండి తాళం చేతికి తీసుకోకూడదు.

రుచి చూడటానికీ ఒక తీరుంది. మన ఎండలకు బీరంటే మంచులా చల్లగా ఉండాలనుకుంటాం. కాని ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన గోంగూర పచ్చడికి వాసన ఉంటుందా? కాసేపు బయట పెడితేనే గుబాళిస్తుంది. చల్లదనంలో వాసన అణువులు గాల్లోకి లేవలేవు. అందుకని గట్టి స్టౌట్‌ను పది పదమూడు డిగ్రీల దగ్గర, కొంచెం చలి విడిచాక తాగుతారు. ముందు ముక్కు దగ్గర పెట్టుకోవాలి. తర్వాత చిన్న గుక్క నోట్లో ఉంచి, మింగి, ముక్కులోంచి ఊపిరి వదలాలి. జలుబు చేసినప్పుడు ఆవకాయ తింటే ఉప్పు, పులుపు, మంట తెలుస్తాయి గాని ఆవ వాసన అందదు. రుచి అని మనం అనుకునే దాంట్లో ఎక్కువ భాగం గొంతు వెనకనుంచి ముక్కుకెక్కే వాసనే. అలా నిదానిస్తే స్టౌట్‌లో చేదు రెండు రకాలని తెలుస్తుంది. ఒకటి హాప్స్ పూల చేదు, ఉగాది పచ్చడిలో వేపపువ్వులా శుభ్రంగా వచ్చి పోతుంది. రెండోది మాడు చేదు, తాలింపులో నల్లబడ్డ మినప్పప్పు పంటి కింద పడ్డట్టు వెనక ఉండిపోతుంది.

బావగారు ఇంకా వదల్లేదు. "దాంతోపాటు మిరపకాయ బజ్జీ తింటే మంట రెట్టింపయిందంటున్నాడు మనవాడు. బీరు చల్లనిదే గదా?"

మిర్చి యార్డుకు టిక్కీలు (మిరపకాయ బస్తాలు) తోలే ఆయనకు కాయ మంట గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. కల్లంలో తొడిమలు తీసే ఆడకూలీలు చేతులు మండితే నీళ్ళతో కడగరు, కొబ్బరినూనె రాసుకుంటారు. మంట పుట్టించే కాప్సైసిన్ నూనెలోనూ ఆల్కహాలులోనూ కరుగుతుంది, నీళ్ళలో కరగదు. 1912లోనే విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఔషధశాస్త్రవేత్త మిరప ఘాటును కొలవడానికి పొడిని ఆల్కహాలులో నానబెట్టి సారం తీసి, ఆ సారాన్ని చక్కెర నీళ్ళలో పల్చన చేస్తూ, మంట తెలియకుండా పోయేదాకా మనుషుల చేత రుచి చూపించాడు. కాయ ఘాటును ఇప్పటికీ ఆయన పేరుతోనే లెక్కిస్తారు. అలాగైతే స్టౌట్ మంటను కడిగెయ్యాలిగా అనిపిస్తుంది. కాని అందులో నూటికి తొంభై పాళ్ళు నీళ్ళే, కరిగించేంత ఆల్కహాలు లేదు. పైగా నోట్లో వేడిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంది, దాన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. మామూలుగా అది 42 డిగ్రీల దగ్గర మేలుకుంటుంది. కాప్సైసిన్ దాన్ని తట్టి లేపుతుంది. ఆల్కహాలేమో అది మేలుకునే హద్దును 34 డిగ్రీల దాకా దించేస్తుంది. మన ఒంటి వేడి 37. అందుకే కాయ మంట మీద మరో మంట తోడవుతుంది.

"మరి దేనికి తగ్గుద్ది?" అన్నారు బావగారు. పాలల్లోని కేసీన్ అనే మాంసకృత్తి కాప్సైసిన్‌ను పట్టుకుని నాలుక మీదనుంచి లాగేస్తుందని చెప్పబోతున్నాను. ఈలోగా అక్క లోపల్నించి నాలుగు గ్లాసుల మజ్జిగ తెచ్చి ముందు పెట్టింది.