వైద్యుని రంపానికి పళ్ళెలా వుంటాయి?

పిల్లలూ! హైదరాబాదు పాతబస్తీలో పురానాపూల్ దాటి గోలకొండ వైపు పోతూ వుంటే కార్వాన్ అనే పేట వస్తుంది. పురానాపూల్ అంటే మూసీనది మీద 1578లో కట్టిన పాత వంతెన. కార్వాన్ అనే పారశీకపు మాటకు బిడారు అని అర్థం. కుతుబ్ షాహీలు గోలకొండను ఏలిన కాలంలో దూరదేశాల వర్తకులు బిడారులు కట్టుకుని వచ్చి ఇక్కడ దిగేవారు. 1671లో కట్టిన టోలీ మసీదు ఈనాటికీ ఆ పేటలో నిలిచి వున్నది. ఆ రోజుల్లో కార్వాన్ వజ్రాల వ్యాపారానికి పేరుపడింది.

వజ్రం ఎంత గట్టిదో మీకు తెలుసు. ఉక్కు కూడా దాని ముందు మెత్తనిదే. మరి అలాంటి వజ్రాన్ని సానపట్టడం ఎలా? ఆ కాలంలో మన ప్రాంతానికి వచ్చిన టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు, 1676లో అచ్చయిన తన యాత్రల పుస్తకంలో ఈ సంగతి వ్రాశాడు. గోలకొండకు అయిదు రోజుల ప్రయాణదూరంలో వున్న ఒక గని దగ్గర పనివాళ్ళు కంచమంత ఉక్కుచక్రం తిప్పుతూ, దాని మీద వజ్రాన్ని ఆనించి అరగదీసేవారట. ఆ చక్రానికి ఒక్క పన్ను కూడా లేదు! పళ్ళు లేని చక్రం వజ్రాన్ని ఎలా తిన్నది?

ఈ ప్రశ్నను ఒక మూల దాచుకోండి. దాని జవాబు ఆస్పత్రిలో వున్నది. అక్కడికి పోయే ముందు ఒక్కసారి వడ్రంగి దగ్గర ఆగుదాం.

పన్నూ, సందూ

వడ్రంగి రంపాన్ని దగ్గరగా చూడండి, తాకవద్దు. దాని పళ్ళు తిన్నగా ఒకే వరసలో వుండవు. ఒకటి కుడికి వంగితే దాని పక్కది ఎడమకు వంగి వుంటుంది. ఇలా ఎందుకు చేస్తారు? పళ్ళు అటూ ఇటూ వంగితే కొయ్యలో పడే చాలు, రంపపు రేకు మందం కన్నా కాస్త వెడల్పుగా పడుతుంది. అప్పుడు రేకు ఆ చాలులో సులువుగా ఆడుతుంది. లేకపోతే బిగుసుకుపోయి, ఇటు రాదు, అటు పోదు.

ఇంకొక విశేషం చూడండి. పన్నుకూ పన్నుకూ మధ్య సందు వుంటుంది. పన్ను తీసిన పొట్టు ఆ సందులో చేరుతుంది. రంపం కొయ్య దాటి బయటికి రాగానే పొట్టు రాలిపోతుంది. సందు నిండిపోతే పన్ను కొయ్యను తాకదు. పొట్టునే రుద్దుతూ వుంటుంది. కనుక రంపంలో పన్ను ఎంత ముఖ్యమో, పన్ను లేని చోటు కూడా అంత ముఖ్యం.

దీనిని మీరే పరీక్ష చేసి చూడవచ్చు. ఒక గరుకు కాగితం తీసుకుని ఎండిన సుద్దముక్క మీద రుద్దండి. పొడి రాలిపోతుంది, సుద్ద అరుగుతూనే వుంటుంది. ఇప్పుడు అదే కాగితాన్ని తడి సబ్బు మీద రుద్దండి. నాలుగుసార్లు రుద్దేసరికి గరుకంతా పూడిపోయి, కాగితం జారుతుంది. దాని కరుకు పోలేదు, సందులు మూసుకుపోయినవి, అంతే!

సుశ్రుతుని కరపత్రం

కరపత్రం అనగానే సభల ముందు వీధుల్లో పంచే కాగితం మీకు గుర్తుకు వస్తుంది. కాని సంస్కృతంలో ఆ మాటకు రంపం అనే అర్థం కూడా వున్నది. మన ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు శస్త్రచికిత్సకు కావలసిన వాడి పరికరాలు ఇరవై అని లెక్కపెట్టాడు. వాటిలో కరపత్రం ఒకటి.

పరికరాలకు ఎనిమిది దోషాలు వుండవచ్చునని కూడా ఆయన చెప్పాడు. వంకరగా వుండటం, మొండిగా వుండటం, విరిగి వుండటం, అంచు గరుకుగా వుండటం, మరీ లావు, మరీ చిన్న, మరీ పొడుగు, మరీ పొట్టి కావటం. ఈ దోషాలున్న పరికరాన్ని వైద్యుడు పట్టుకోకూడదు. అయితే ఒక్క కరపత్రానికి మాత్రం గరుకు అంచు దోషం కాదన్నాడు. ఎందుకంటే, అది ఎముకను కోయటానికి వున్నది గనుక!

ఎంత సూక్ష్మంగా ఆలోచించాడో చూశారా? కండ మెత్తనిది. దానిని నున్నని అంచు కోస్తే గాయం శుభ్రంగా వుంటుంది, త్వరగా కలుస్తుంది. గరుకు అంచు దానిని చీల్చి పాడుచేస్తుంది. ఎముక అలా కాదు. నున్నని కత్తి దాని మీద జారిపోతుంది. రంపంలో మన చేతి బలమంతా కొన్ని పళ్ళ కొనల మీదికి చేరి, అవి ఎముకలోకి దిగి, ఒక్కొక్క రవ్వనే పెళ్ళగిస్తాయి. కత్తికి తప్పు అయినది రంపానికి ఒప్పు అయింది!

తొందర తగ్గిన రోజు

మత్తుమందులు లేని కాలంలో ఎముక కోయవలసి వస్తే రోగి పడే బాధ చెప్పనలవి కాదు. అందుచేత వైద్యులు ఎంత వేగంగా కోస్తే అంత మేలు అనుకునేవారు. పని త్వరగా ముగించే రంపమే మంచి రంపం. 1846లో ఈథరు, 1847లో క్లోరోఫారం వాడుకలోకి వచ్చిన తరువాత ఆ తొందర తగ్గింది.

ఇందులో మన ఊరికి కూడా భాగం వున్నది. కార్వాన్ నుంచి మూసీ వెంట కిందికి పోతే అఫ్జల్‌గంజ్ వస్తుంది. అక్కడి ఆస్పత్రే తరువాతి కాలంలో ఉస్మానియా ఆస్పత్రి అయింది. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యాన 1888లోనూ, 1889లోనూ హైదరాబాదులో రెండు క్లోరోఫారం కమిషన్లు పనిచేశాయి. క్లోరోఫారం వల్ల ప్రమాదం గుండెకా, ఊపిరికా అని పరిశీలించాయి. ప్రమాదం ఊపిరికే అని అవి తేల్చాయి. గుండెకు కూడా వున్నదని తరువాతి పరిశోధనలు చూపాయి. ఏమైతేనేం, ఊపిరిని జాగ్రత్తగా గమనిస్తూ మత్తు ఇవ్వాలనే పాఠం ప్రపంచమంతటా వినిపించింది.

రోగి నొప్పి తెలియకుండా నిద్రపోతూ వుంటే వైద్యునికి నిదానంగా ఆలోచించే వీలు చిక్కింది. ఇటలీ వైద్యుడు లియొనార్డో జిగ్లీ 1894లో ఒక తీగరంపం తయారుచేశాడు. ఉక్కు తీగలను తాడులా మెలివేస్తే వచ్చే గట్లే దానికి పళ్ళు. తీగను ఎముక కిందుగా పోనిచ్చి రెండు కొసలూ మార్చి మార్చి లాగితే, ఎముక లోపలి నుంచి పైకి తెగుతుంది. తలపుర్రెను తెరిచేటప్పుడు ఇది ఎంత మేలో ఆలోచించండి! రంపం మెదడుకు దూరంగా వస్తూ కోస్తుంది.

ఎముకకు ప్రాణం వున్నది

వడ్రంగి కోసే కొయ్య ఎండిన కొయ్య. వైద్యుడు కోసే ఎముక బతికి వున్న ఎముక. దానిలో నెత్తురు పారుతుంది. జీవకణాలు వుంటాయి. విరిగిన ఎముక మళ్ళీ అతుక్కునేది వాటి వల్లనే. వాటికి పెద్ద శత్రువు వేడి.

చలికాలంలో రెండు చేతులూ గబగబా రుద్దుకుంటే వెచ్చగా అవుతాయి గదా! రంపపు పళ్ళు రాసుకున్నా అంతే. మన ఒంటి వేడి సుమారు 37 డిగ్రీలు. ఎముక 47 డిగ్రీల వేడిలో ఒక్క నిమిషం వున్నా దెబ్బతింటుందని 1983లో స్వీడన్ పరిశోధకులు కుందేళ్ళ మీద చేసిన పరీక్షలలో చూపారు. తేడా పది డిగ్రీలే! మనం వేడి వేడిగా తాగే తేనీరు అంతకన్నా ఎక్కువ వేడిగా వుంటుంది. కోసిన అంచు మాడితే ఎముక సరిగా అతకదు. అక్కడ బిగించిన లోహపు కీలు గట్టిగా నిలవక, వదులు కావచ్చు.

కాబట్టి వైద్యుని రంపానికి పళ్ళు చెక్కేవారి చిక్కు ఇదీ: పన్ను పెద్దదయితే త్వరగా కోస్తుంది గాని అంచు గరుకుగా వస్తుంది. పన్ను చిన్నదయితే అంచు నునుపుగా వస్తుంది గాని, సందులు చిన్నవై ఎముకపొట్టుతో పూడిపోతాయి. పూడితే రాపిడి, రాపిడితో వేడి! పన్ను మొండిబారినా ఇదే కథ. అందుకే పళ్ళు వాడిగా వుండాలి, సందులు పొట్టును బయటికి తోయాలి. కోసే చోట చల్లని ఉప్పునీరు పోస్తూ వుండాలి. వైద్యుడు రంపాన్ని అదిమిపట్టక, మధ్యమధ్య ఆపుతూ కోయాలి.

ఈనాడు మోకాలి కీలు మార్చే వైద్యులు వాడేది యంత్రపు రంపం. దాని రేకు మందం సుమారు 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు. పళ్ళు రేకు కొసన వుంటాయి. రేకు గుండ్రంగా తిరగదు. కొద్ది డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. నిమిషానికి పది వేలసార్లకు పైగా! మన వడ్రంగి రంపానికి పళ్ళు లాగే వైపు వాలి వుంటాయి, ఎందుకంటే అది లాగినప్పుడే కోస్తుంది. యంత్రపు రంపం రెండు వైపులా ఊగుతుంది గనుక రెండు వైపులా కోయాలి. అందువల్ల చాలా రేకులకు పళ్ళు ఏ పక్కకూ వాలకుండా, గోపురాల్లాగా సమంగా వుంటాయి.

మరి పళ్ళను అటూ ఇటూ వంచితే చాలు వెడల్పవుతుందని చెప్పుకున్నాం గదా! ఇక్కడ ఆ ఉపాయం పనికిరాదు. ఎముకను గీత గీసినట్టు తిన్నగా కోయటానికి, వైద్యులు ఒక లోహపు పలకలోని సన్నని చీలికగుండా రేకును పోనిస్తారు. పళ్ళు పక్కకు వంగితే ఆ చీలిక అంచులను కొరుకుతాయి. అందుచేత ఇటువంటి రేకులకు పళ్ళను తిన్నగానే వుంచుతారు. పని మారితే పన్ను మారుతుంది!

పళ్ళు లేని చక్రం

ఇక మనం దాచుకున్న ప్రశ్న. పళ్ళు లేని ఉక్కుచక్రం వజ్రాన్ని ఎలా తిన్నది? చక్రం తినలేదు, పిల్లలూ! దాని మీద నూనెతో కలిపి వేసిన వజ్రపు పొడి తిన్నది. ఆ పొడిలో ప్రతి రేణువూ ఒక పన్నే. కంటికి కనిపించనంత చిన్న పన్ను. వజ్రాన్ని వజ్రంతోనే కోయాలని వాళ్ళకు తెలుసు.

ఆ ఉపాయమే ఈనాడు వైద్యుని చేతిలో వున్నది. చెవి వెనుక వుండే ఎముకలో చీము పడితే దానిని తొలచవలసి వస్తుంది. ఆ ఎముకలోగుండా ఒక సన్నని నరం పోతుంది. మనం నవ్వేదీ, కన్ను మూసేదీ ఆ నరం చలవే. అది తెగితే ముఖంలో ఒక పక్క వాలిపోతుంది. అందుచేత వైద్యుడు మొదట పళ్ళున్న చిన్న ఉక్కుగుండుతో, బరమా తిప్పినట్టు తొలుస్తాడు. నరం దగ్గరపడగానే దానిని తీసివేసి, వజ్రపు రేణువులు అంటించిన గుండు పెట్టుకుంటాడు. పెద్ద పన్ను ఎముకను పట్టి గుంజుతుంది, ఒక్కొక్కప్పుడు ఎగిరి పక్కకు జారుతుంది. వజ్రపు రేణువు నెమ్మదిగా అరగదీస్తుంది. వేడి మాత్రం ఎక్కువ పుట్టిస్తుంది; అందుకే నీరు ఆగకుండా పోస్తూ వుండాలి.

పిండికట్టు విప్పే రంపం

సంక్రాంతికి గాలిపటం ఎగరవేస్తూ మేడ మీది నుంచి పడి, చేతికి పిండికట్టు వేయించుకునే పిల్లలు ప్రతి ఏడూ వుంటారు. కట్టు విప్పే రోజున రంపం గుర్రుమంటుంటే భయం వేయటం సహజమే. నేను చదువు చెప్పిన పిల్లవాడు ఒకడు ఆ చప్పుడు విని ఆస్పత్రి గేటు దాకా పరుగెత్తాడట!

కాని ఆ రంపం కూడా గుండ్రంగా తిరగదు. అటూ ఇటూ సన్నగా ఊగుతుంది. అమెరికా ఎముకల వైద్యుడు హోమర్ స్ట్రైకర్ దీనికి 1947లో పేటెంటు పొందాడు. అందులోని కిటుకు మీరే చూడండి. ఎడమచేతి వెనుకవైపు మీద కుడిచేతి వేలు ఆనించి, కొంచెం కొంచెంగా అటూ ఇటూ గబగబా ఆడించండి. చర్మం కూడా వేలితోపాటే ఆడుతుంది గాని, వేలు దాని మీద రాసుకోదు. ఇప్పుడు అదే వేలిని బల్ల మీద ఆడించండి. బల్ల కదలదు, వేలు రాసుకుంటుంది. పిండికట్టు బల్ల వంటిది. కదలదు గనుక తెగుతుంది. చర్మం పన్నుతోపాటు ఊగుతుంది గనుక సాధారణంగా తెగదు.

సాధారణంగా అన్నాను, గమనించారా? చర్మాన్ని గట్టిగా అదిమినా, రంపాన్ని కట్టు వెంట ఈడ్చినా చర్మం కోసుకుపోవచ్చు. రేకు వేడెక్కితే కాలవచ్చు. అందుకే కట్టు కింద దూది వేస్తారు. రంపాన్ని ఈడ్వకుండా, దించుతూ ఎత్తుతూ కోస్తారు. కాబట్టి మీకు కట్టు విప్పేటప్పుడు చెయ్యి కదపకండి. వేడిగా అనిపించినా, గుచ్చుకున్నట్టు అనిపించినా ఓర్చుకుని కూర్చోకండి. వెంటనే డాక్టరుగారితో చెప్పండి. అది పిరికితనం కాదు. ఆయన రంపం తీసి, రేకు చల్లారనిస్తారు.

ఇక మీకు ఒక పని. మీ ఇంట్లో పళ్ళున్న వస్తువులు ఎన్ని వున్నాయో లెక్కపెట్టండి. కొబ్బరి కోరే కోరాముకు పళ్ళు వున్నాయి. దువ్వెనకు వున్నాయి. మీ తాతగారి ఊళ్ళో కొడవలికి కక్కు వున్నది. ప్రతి దాని దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి: ఈ పన్ను దేనిని కోయాలి? దేనిని కోయకూడదు? రెండింటికీ జవాబు దొరికితే ఆ పన్ను అలా ఎందుకు వున్నదో మీకే తెలిసిపోతుంది.