స్కాన్ చూసి క్యాన్సర్ జన్యువు చెప్పేస్తారా?

పెద్దపేగు క్యాన్సర్ అని తేలిన ఇంట్లో చాలాసార్లు వినిపించే ప్రశ్న: "అబ్బాకి స్కాన్ తీశారు కదా, మళ్లీ ముక్క పరీక్ష ఎందుకు?" చింతలపూడి నుంచి ఏలూరు, అక్కణ్ణుంచి విజయవాడ తిరిగే కుటుంబానికి ప్రతి పరీక్షా ఒక రోజు కూలీ, బస్సు ఛార్జీలు. ఇప్పుడేమో స్కాన్ బొమ్మలోంచే గడ్డ జన్యువుల్ని కంప్యూటర్ పసిగడుతుందని అంటున్నారు. ఎంతవరకు నిజం?

అసలు జన్యువు తెలియాల్సింది మందు కోసం. సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ అనే ఇంజెక్షన్లు క్యాన్సర్ కణం పైనుండే ఒక స్విచ్‌ని ఆపుతాయి. కేరాస్ జన్యువు చెడిపోయి ఉంటే లోపల్నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది, పైన స్విచ్ ఆపి లాభం లేదు. నూటికి దాదాపు 40 మందిలో ఈ మార్పు ఉంటుంది. వాళ్లకి ఆ మందు ఇస్తే డబ్బూ పోతుంది, ఒళ్లూ పాడవుతుంది. ఇంకో మార్పు ఎంఎస్ఐ. అది ఉంటే, జబ్బు వేరే చోటికి పాకినా ఇమ్యునోథెరపీ బాగా పనిచేసే అవకాశం ఉంది. అలాంటివాళ్లకి పెంబ్రోలిజుమాబ్‌ని మొదటి మందుగానే ఇచ్చేందుకు అమెరికా 2020లో అనుమతిచ్చింది.

స్కాన్‌తో అంచనా కట్టే పద్ధతి పేరు రేడియోమిక్స్. సీటీ, ఎంఆర్ఐ బొమ్మలో గడ్డ చుట్టూ గీత గీస్తారు. దాని ఆకారం, నలుపు తెలుపుల తేడా, గరుకుదనం, ఇలా వందల కొలతలు కంప్యూటర్ తీస్తుంది. జన్యు రిపోర్టు ముందే తెలిసిన రోగుల కొలతల నుంచి నేర్చుకుని, కొత్త రోగికి అంచనా చెబుతుంది. బీకాం చదివిన నాకు ఇది ఆడిట్‌లా కనిపించింది. ముక్క పరీక్ష అంటే ఒక్క ఓచర్ తీసి నిశితంగా చూడటం. స్కాన్ అంటే మొత్తం కట్టని పైనుంచి చూడటం. ఓచర్ మీద నమ్మకం ఎక్కువే, కానీ గడ్డలో అన్నిచోట్లా ఒకే మార్పు ఉండకపోవచ్చు.

చిక్కేంటంటే, ఒక ఆసుపత్రి స్కాన్లతో నేర్చుకున్న కంప్యూటర్ ఇంకో ఆసుపత్రి మెషిన్ బొమ్మలిస్తే తడబడుతుంది. చాలా పరిశోధనలు కొద్దిమంది రోగులతో చేసినవే. కాబట్టి ఇవాళ్టికి స్కాన్ ఒక్కటే చూసి ఈ మందులు రాయకూడదు.

ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని మన ఇళ్లలో నానీలు, దాదీలు భయపడతారు. ఆ భయంతో పరీక్ష మానేయడమే ప్రమాదం. పైగా జన్యు పరీక్షకి చాలాసార్లు మళ్లీ ముక్క తీయక్కర్లేదు. మొదటిసారి తీసిందాన్ని మైనం దిమ్మలో పెట్టి ల్యాబ్‌లో దాస్తారు, దాన్నే బ్లాక్ అంటారు. విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోటికి వెళ్లేటప్పుడు రిపోర్టుతో పాటు ఆ బ్లాక్, స్కాన్ సీడీ అడిగి తీసుకెళ్లండి. ఎంఎస్ఐ ఉందని వస్తే ఇది వంశంలో వచ్చేదేనా అని డాక్టర్ని అడగండి. కొందరిలో అంతే. అప్పుడు రోగి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాల్సి ఉంటుంది.