అటు తిరిగిన పిల్లికి లక్షలు రావు

తుంగతుర్తి, సూర్యాపేట వైపు పాత సందుగలో మిలిటరీ భుజం బ్యాడ్జి బయటపడితే చాలు, ఇంటిల్లిపాదీ అందులో తేడా వెతుకుతున్నారు. దాని మీది పిల్లి ఎడమకు కాక కుడికి చూస్తోందా? ఎరుపు ఉండాల్సిన చోట నారింజ ఉందా? ఉంటే అది బ్రిటిష్ వాళ్లు పొరపాటున కుట్టించి వెనక్కి తీసుకున్న సరుకట, లక్షలు పలుకుతుందట! ఆ వెంటనే ఫోన్లో ఒక కొనుగోలుదారు దిగుతాడు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజంటాడు, తర్వాత జీఎస్టీ అంటాడు, ఆఖరికి పురావస్తు శాఖ అనుమతి అంటాడు. పాత నాణేల పేరుతో ఇదే నాటకం నడిస్తే 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించాల్సి వచ్చింది. ఇప్పుడు నాణెం బదులు గుడ్డముక్క, అంతే తేడా.

ఆ తేడా సంగతే చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో 4వ ఇండియన్ డివిజన్‌ది ఎర్ర గద్ద, 5వ దానిది నల్ల గుడ్డ మీద ఎర్రని గుండ్రం, 17వ దానిది నల్ల పిల్లి, 23వ దానిది పందెంకోడి. జంతువు ముఖం ఎప్పుడూ ముందుకే ఉండాలి, శత్రువుకు వెన్ను చూపకూడదు. అందుకే కుడి చేతికొకటి, ఎడమ చేతికొకటి ఎదురెదురుగా చూసేలా జతగా కుట్టించేవారు. ప్రతి దళమూ ఇది పాటించిందని కాదు. అయినా అటు తిరిగిన పిల్లిని చూసి తప్పు ముద్ర అనడం కుడికాలి చెప్పును చూసి తప్పుగా కుట్టారన్నట్టుంది.

ఇక ఆకారంలో తేడాలు. ఇవన్నీ ఒకే టంకశాలలో అచ్చయినవి కావు. సరఫరా చాలని చోట కంటోన్మెంటు బజారు దర్జీయే ఒక నమూనా ముందు పెట్టుకుని కుట్టేవాడు. ఒకడి గద్దకు ముక్కు లావు, ఇంకొకడి గద్దకు రెక్క పొట్టి. ఇంగ్లండులో ఉన్ని ఆదా కోసం నూలు గుడ్డ మీద అచ్చేసినవి వచ్చాయి. మన 4, 8, 10 డివిజన్లు ఇటలీలో పోరాడినప్పుడు అక్కడా కుట్టించుకున్నారు. ఎండ, చాకిరేవు కలిసి ఎరుపును నారింజ చేశాయి. ఒకే దళంలో పదిమంది భుజాల మీద పది రకాల గద్దలుంటే అందులో వింతేముంది?

ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు: కొన్ని తేడాలకు నిజంగానే గిరాకీ ఉంది. 17వ డివిజన్‌కు మొదట ఉన్నది మెరుపు గుర్తు. బర్మా నుంచి వెనక్కి వచ్చాక పిల్లి వచ్చింది. ఆ మెరుపు కోసం వెతికే సేకర్తలున్నారు. అయితే వాళ్లు ముందు అడిగేది ఇది ఎవరిది, రుజువేది అని. ఫీజు అడగరు.

మిగతావి చిన్నచిన్న అబద్ధాలు. కిరీటం లేకపోతే బ్రిటిష్ కాలానిది కాదట! పైన చెప్పిన ఎర్ర గుండ్రంలో కిరీటం ఎక్కడుంది? హైదరాబాద్ రెజిమెంటు నిజాం సొంత సైన్యమట! అది ఇండియన్ ఆర్మీదే, 1945లో కుమావూన్ రెజిమెంటు అయింది. గద్ద ఉంటే 1947కు ముందుదేనట! ఎర్ర గద్దా నల్ల పిల్లీ నేటికీ మన సైన్యం గుర్తులే. పైగా 1948 సెప్టెంబరులో బెజవాడ నుంచి కోదాడ, మునగాల మీదుగా సూర్యాపేటకు వచ్చింది కూడా ఇండియన్ ఆర్మీయే. ఇక్కడ దొరికిన ప్రతి బిళ్లా బర్మా యుద్ధానిది కానక్కర్లేదు.

వెనక ఇస్త్రీకి అంటుకునే ప్లాస్టిక్ పొర ఉంటే అది కొత్తదే, ఇక చూడక్కర్లేదు. అతినీలలోహిత (యూవీ) దీపం కింద దారం తెల్లగా మెరిస్తే అనుమానించండి, కానీ సబ్బుపొడితో ఉతికినా అలాగే మెరుస్తుంది. కాబట్టి ఉతక్కండి, చొక్కా నుంచి ఊడదీయకండి. తాత డిశ్చార్జి కాగితంతో కలిపి ఒకే చోట పెట్టండి, విడదీస్తే రెంటికీ విలువ తగ్గుతుంది. పురావస్తు అనుమతి అంటారా, 1972 చట్టం ప్రకారం ఇలాంటి వస్తువుకు వందేళ్లు నిండాలి, ఆ యుద్ధానికి ఇంకా నిండలేదు. అమ్మేవాడి దగ్గరే ముందుగా డబ్బు అడిగేవాడు కొనేవాడు కాదు. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.