నక్షత్రం గుర్తుతో జాగ్రత్త!

ఫోల్డరులో వెయ్యి ఫొటోలున్నాయి. వాటి పేర్ల చివరి ఎక్స్‌టెన్షన్ ‘జేపీఈజీ’ని ‘జేపీజీ’గా మార్చాలి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘రెన్’ ఆదేశానికి ఇది ఒక్క వరుస పని. నక్షత్రం గుర్తుకు ‘ఏ పేరైనా సరే’ అని అర్థం. దాన్ని రెన్ స్వయంగా చదువుకుంటుంది.

లినక్స్‌లో ‘ఎంవీ’తో అలా కుదరదు. ఆదేశం అందేలోపే షెల్ అనే ప్రోగ్రాం నక్షత్రం ఉన్నచోట ఫోల్డరులోని అసలు పేర్లు పెట్టేస్తుంది. ఫైళ్లు ఎక్కువైతే ఎంవీ మొరాయిస్తుంది, అదే నయం. రెండు రకాల్లోనూ ఒక్కొక్కటే ఉంటే మాత్రం మొదటిది రెండోదాని పేరు తీసుకుంటుంది. రెండో ఫొటో చడీచప్పుడు లేకుండా పోతుంది. అందుకే అక్కడ ఒక్కో ఫైలు పేరునూ విడిగా మార్చే లూప్ రాస్తారు. ఎంవీకి ‘-ఎన్’ జోడిస్తే ఉన్న ఫైలు జోలికి పోదు.

ఇంతా చేస్తే మారేది పేరే. పీఎన్‌జీ బొమ్మకు జేపీజీ తోక తగిలించినా, లోపలి మొదటి బైట్లలో పీ, ఎన్, జీ అక్షరాలు అలాగే ఉంటాయి.