జెంటూ అంటే మనమే!

పిల్లలూ, పెంగ్విన్లలో 'జెంటూ' అని ఒక జాతి ఉంది. నారింజ రంగు ముక్కు, ఈ కంటి పైనుంచి ఆ కంటి పైకి తల మీదుగా ఒక తెల్లటి పట్టీ. ఈతలో పెంగ్విన్లన్నిటిలోకీ ఇదే ఫస్టు, గంటకి 36 కిలోమీటర్ల దాకా పోగలదు. అమ్మగానీ నాన్నగానీ కంప్యూటర్ల ఉద్యోగంలో ఉంటే 'జెంటూ లినక్స్' గురించి అడగండి. దానికి ఆ పేరు ఈ పెంగ్విన్ వేగాన్ని చూసే పెట్టారు. అయితే రెండు వందల ఏళ్ళ క్రితం మద్రాసులో ఇంగ్లీషువాళ్ళు జెంటూ అన్నది మనల్ని! మన భాషనీ అదే మాటతో పిలిచేవారు.

మాట మనది కాదు. పోర్చుగీసు భాషలో 'జెంటియో' అంటే తమ మతం కానివాడు. బైబిల్లో కనిపించే 'జెంటైల్' దానికి వరసకి చెల్లెలే, ఇద్దరికీ తల్లి లాటిన్. మన దేశానికి వచ్చిన పోర్చుగీసువాళ్ళు ముస్లిములని 'మూర్లు' అన్నారు, హిందువులని ఈ మాటతో పిలిచారు. అదే ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి జెంటూ అయింది. 1776లో హాల్‌హెడ్ ఇంగ్లీషులోకి తెచ్చిన 'జెంటూ చట్టాలు' బెంగాల్లో పండితులు కూర్చిన హిందూ ధర్మశాస్త్రమే, తెలుగుతో దానికేమీ సంబంధం లేదు. మద్రాసులో మాత్రం తమిళులు 'మలబార్లు', మనం జెంటూలం. అక్కడి తమిళులకి పడమటి తీరం పేరు, మనకి ఏకంగా అన్యమతస్థులన్న పేరు. ఎవరినీ అడిగి పెట్టలేదు లెండి!

1816లో క్యాంప్‌బెల్ దొర మద్రాసులో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. పేరులో 'తెలుగు' అని రాసి, పక్కనే 'సాధారణంగా జెంటూ అనబడేది' అని తగిలించాడు. లేకపోతే కొనేవాళ్ళకి అర్థం కాదు మరి! ఆ పుస్తకంలోనే ఎల్లిస్ అనే అధికారి, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలకి తోబుట్టువనీ ఉదాహరణలతో నిరూపించాడు. కాల్డ్‌వెల్ పుస్తకం రావడానికి ఇంకా నలభై ఏళ్ళు ఉంది! మరుసటి ఏడే విలియం బ్రౌన్ రాసిన వ్యాకరణం మాత్రం 'జెంటూ భాష' పేరుతోనే వచ్చింది. ఈయన వేరు, మన సి.పి. బ్రౌన్ వేరు. సి.పి. బ్రౌన్ 1840 నాటి వ్యాకరణం మీదా, 1852 నాటి నిఘంటువు మీదా ఉన్నది 'తెలుగు' అన్న మాటే.

మనుషులకి ఆ పేరు పోయింది, పక్షికి నిలిచింది. తల మీది తెల్ల పట్టీ తలపాగాలా కనబడి దానికా పేరు పెట్టారని ఒక ఊహ. ఈసారి ఆక్వేరియంకి వెళ్తే మీరే చూసి చెప్పండి, తలపాగాలా ఉందో లేదో.