వార్తల్లో పదం: ఎస్క్రో ఖాతా

అమెరికాలో ప్రభుత్వ గృహాల్లో ఉండేవాళ్ల అద్దె మామూలుగా ఆదాయంలో 30 శాతం దాకా ఉంటుంది. జీతం పెరిగితే అద్దె కూడా పెరుగుతుంది. ఇక ఓవర్‌టైమ్ చేయడం దేనికి అనిపించడంలో వింతేముంది? దీనికి విరుగుడుగా 1990 చట్టంతో వచ్చింది ఫ్యామిలీ సెల్ఫ్ సఫిషియెన్సీ పథకం. ఇందులో చేరిన కుటుంబం పెరిగిన అద్దె కడుతూనే ఉంటుంది. కానీ అద్దె 300 డాలర్ల నుంచి 450కి చేరిందనుకోండి, ఆ తేడా 150 డాలర్ల దాకా గృహ సంస్థ వాళ్ల పేరిట విడిగా జమ చేస్తుంది. అదే ఎస్క్రో ఖాతా. ఒప్పందం సాధారణంగా అయిదేళ్లు. చదువు, ఉద్యోగం, పిల్లల సంరక్షణ వంటివాటికి దారి చూపే సమన్వయకర్త ఉంటారు. లక్ష్యాలు పూర్తిచేసి, నగదు సంక్షేమ సాయం నుంచి బయటపడితే సొమ్ము చేతికొస్తుంది. మధ్యలో మానేస్తే సాధారణంగా రాదు. ఇది కాస్త కఠినమే. వచ్చిన డబ్బుతో ఇల్లే కొనాలన్న షరతు మాత్రం లేదు.