మీకు తెలుసా? సీరియల్ చూసొచ్చిన జ్యూరీ

2000లో అమెరికాలో మొదలైన 'సీఎస్ఐ' అనే నేరపరిశోధన సీరియల్‌లో డీఎన్ఏ ఫలితం ఇట్టే వచ్చేస్తుంది. అసలు ల్యాబుల్లో వారాలు, ఒక్కోసారి నెలలు! ఇలాంటివి చూసి, కోర్టులో తీర్పు చెప్పే మామూలు పౌరులైన జ్యూరీ సభ్యులు ప్రతి కేసులోనూ ల్యాబు రిపోర్టు కోరుతున్నారని, లేకపోతే నిందితుణ్ణి వదిలేస్తున్నారని ప్రాసిక్యూటర్లు వాపోయారు. 'సీఎస్ఐ ఎఫెక్ట్' అని పేరూ పడింది. ఓడిన లాయరుకు టీవీని తిట్టడం తేలికే మరి.

మిషిగన్ జడ్జి డొనాల్డ్ షెల్టన్ 2006లో జ్యూరీకి పిలుపొచ్చిన సుమారు 1,000 మందిని అడిగి చూశారు. ప్రతి క్రిమినల్ కేసులోనూ ఏదో ఒక శాస్త్రీయ సాక్ష్యం ఉంటుందనుకున్నవాళ్లు 46 శాతం. సీఎస్ఐ చూసేవాళ్లకు ఆ ఆశ ఇంకాస్త ఎక్కువ. దోషి అని తేల్చాలా వద్దా అన్న దగ్గర మాత్రం చూసేవాళ్లకూ చూడనివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. సీరియల్ కన్నా, చేతిలోని సెల్‌ఫోన్ లాంటి టెక్నాలజీయే ఈ ఆశలు పెంచుతోందేమోనని షెల్టన్ అనుమానం.